వెనక గేటు దగ్గర చెఫ్

(హోటల్ మేనేజ్‌మెంట్ చివరి ఏడాది విద్యార్థులతో మాట్లాడిన మాటలకు అక్షర రూపం. మాట్లాడిన తీరును పెద్దగా మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినపడుతోందా? సరే.

ఇందాక లోపలికి వస్తుంటే మెట్ల దగ్గర ఒకమ్మాయి ఆపి అడిగింది, "సర్, మీరు చివరిసారి ఎప్పుడు వండారు?" అని. వెటకారం ఏమీ లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. నేను టక్కున చెప్పలేకపోయాను. ఇరవై రెండేళ్ళుగా వంటింట్లోనే బతుకుతున్నవాణ్ణి, ఈ మాటకి తడుముకోవడం ఏమిటని నాకే నవ్వొచ్చింది. ఆ అమ్మాయికి జవాబు బాకీ ఉన్నాను. వెళ్ళేలోగా తీరుస్తాను.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. చిన్నప్పుడు పెళ్ళిళ్ళకి తీసుకెళ్తే నేను పందిట్లో ఉండేవాణ్ణి కాదు, పెరట్లో గాడిపొయ్యి దగ్గర తేలేవాణ్ణి. నలుగురైదుగురు వంటవాళ్ళు చెమటలు కారుతుంటే గుండిగలు ఎక్కిస్తూ దించుతూ ఉంటారు. ఒక పెద్దాయన మాత్రం సామాన్ల గది గడప దగ్గర పీట వేసుకుని కూర్చుంటాడు. గరిటె ముట్టడు. గది తాళం చెవి ఆయన మొలకే ఉంటుంది. "బాబాయ్, ఇంకో రెండు కిలోల కందిపప్పు" అని ఎవరైనా వస్తే వెంటనే ఇవ్వడు. "ఎన్ని బంతులు లేచాయి? ఇంకా ఎంతమంది ఉన్నారు?" అని అడుగుతాడు. మధ్యమధ్యలో లేచి పప్పు గుండిగ మూత తీయించి, ఆవిరి మొహానికి తగిలేలా ఒక్క క్షణం వంగి, "ఉప్పు చాల్లేదురా" అంటాడు. నోట్లో వేసుకుని చూడ్డానికి లేదు, నైవేద్యం కాకుండా ఎంగిలి పడకూడదు. అంతా ముక్కుతోనే.

ఈయన ఊరికే కూర్చుని డబ్బులు తీసుకుంటున్నాడని అప్పట్లో అనుకునేవాణ్ణి. ఇప్పుడు నేను చేసే ఉద్యోగం అచ్చంగా అదే. పీట పోయి కుర్చీ వచ్చింది, తాళం చెవి పోయి ఇండెంట్ మీద, అంటే సరుకు కావాలని రాసే చీటీ మీద, సంతకం వచ్చింది.

మీ పుస్తకాల్లో ఎగ్జిక్యూటివ్ చెఫ్ పనులు వరసగా రాసి ఉంటాయి. మెనూ తయారీ, కాస్ట్ కంట్రోల్, సిబ్బంది శిక్షణ, పరిశుభ్రత, అలా. అవన్నీ కరెక్టే, పరీక్షలో రాయండి. అవి ఒకదానికొకటి ఎలా ముడిపడి ఉంటాయో మాత్రం పుస్తకం చెప్పదు. అందుకని ఒక ఉప్పు కథ చెప్తాను.

చాలా ఏళ్ళ కిందటి సంగతి. హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్‌లో నేను కొత్తగా హెడ్‌గా చేరాను. పేరు వద్దు. బిర్యానీ చేసే ఉస్తాద్ నాకంటే పాతికేళ్ళు పెద్ద. నేను చేరిన నెలలోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఒకరోజు మటన్ బిర్యానీ అమృతంలా ఉంటుంది, రెండు రోజులు పోయాక ఉప్పు కషాయం. ఓనర్ నన్ను పిలిచి, ముసలాయన చెయ్యి పట్టు తప్పినట్టుంది, రెసిపీ కార్డు రాసి తూకం పెట్టించు, లేదంటే మార్చేద్దాం అన్నాడు.

కచ్చీ గోష్ట్ బిర్యానీ సంగతి మీకు తెలుసు. పచ్చి మాంసానికే పెరుగు, బొప్పాయి, మసాలా, ఉప్పు పట్టించి, పైన ముప్పాతిక ఉడికిన బియ్యం పరిచి దమ్ పెడతారు. మూత మీద పిండి అంటించాక ఇక ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదు. మధ్యలో రుచి చూసి సరిదిద్దే వీలు లేదు. మా ఊరి పెళ్ళిళ్ళ పెద్దాయనకి ఆచారం అడ్డం, ఇక్కడ పచ్చి మాంసం అడ్డం. ఉప్పు ఒక్కసారే పడాలి, సరిగ్గా పడాలి.

ఉస్తాద్ పది కిలోల మాంసానికి మూడు పిడికిళ్ళ ఉప్పు వేస్తాడు. తూకం అనగానే ఆయనకి కోపం వచ్చింది. "హాత్ ఝూట్ నై బోల్తా సాబ్" అన్నాడు. చెయ్యి అబద్ధం చెప్పదట. నేను వాదించలేదు. త్రాసు మీద ఒక స్టీల్ గిన్నె పెట్టి, "ఉస్తాద్, మీ పిడికిలి ముందు దీంట్లో వేయండి, తర్వాత మీరే మాంసంలో కలపండి" అన్నాను. వారం రోజులు ప్రతి పిడికిలీ నోట్‌బుక్‌లో రాశాను. 62 గ్రాములు, 64, 61, 63, మళ్ళీ 62. ఆ వారం మొత్తంలో తక్కువ 61, ఎక్కువ 65. నేను చెంచాతో కొలిచినా అంత నికరంగా రాదు.

మరి ఉప్పు ఎందుకు ఎక్కువవుతోంది? చెయ్యి మారనప్పుడు మారుతున్నది మాంసమే అయ్యుండాలి కదా. ఆ ఆలోచన నాకు రావడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది, అదీ నా తెలివి. ఒకరోజు పొద్దున ఏడింటికి వెనక గేటు దగ్గర నిలబడ్డాను. మటన్ వచ్చింది. బిల్లు మీద పది కిలోలు. రిసీవింగ్ కుర్రాడు సంతకం పెట్టేసి పంపించేస్తున్నాడు. "తూచావా?" అంటే, "రోజూ వచ్చే మనిషే కదా సర్" అన్నాడు. త్రాసు మీద పెడితే ఎనిమిదిన్నర.

అంతే. కొన్ని రోజులు పది వచ్చేది, కొన్ని రోజులు ఎనిమిదిన్నర వచ్చేది. ఉస్తాద్ స్లిప్ మీద పది అని చూసి పది కిలోల మాంసానికి సరిపడా ఉప్పే వేసేవాడు. ఆయన చెయ్యి అబద్ధం చెప్పలేదు, కాగితం చెప్పింది. నేను ఆయనకి క్షమాపణ చెప్పాను. ఆయన ఏమీ అనలేదు, టీ తెప్పించాడు.

ఆ రోజు నుంచి నా దినచర్య మారిపోయింది. ఎంత పెద్ద చెఫ్ అయినా పొద్దున కనీసం అరగంట వెనక గేటు దగ్గర ఉండాలని నా మొండి అభిప్రాయం. రొయ్యల క్రేట్ వస్తుంది, ఐసుతో కలిపి పది కిలోలు. జల్లెడలో పోసి నీళ్ళు వడిచాక మళ్ళీ తూచండి, మీకే తెలుస్తుంది. టమాటా ట్రే పైవరస పెళ్ళికూతురిలా ఉంటుంది. చెయ్యి అడుక్కి పోనిచ్చి చూడాలి. ఫ్రోజెన్ చికెన్ పెట్టెలో గడ్డకట్టిన నీళ్ళ చారికలు కనిపిస్తే, దార్లో ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిందని అర్థం. వెనక్కి పంపేయాలి. పంపిస్తే ఆ రోజు మెనూలో రెండు ఐటమ్స్ ఉండవు, ఫ్లోర్ మేనేజర్ మొహం మాడుస్తాడు. మాడ్చనివ్వండి.

అసలు ఈ వెనక గేటే ఎంతమందిని ముంచిందో! ఎస్కోఫియే పేరు మీరంతా విన్నారు. 1846లో పుట్టిన ఫ్రెంచ్ మనిషి. సైన్యంలో వంట చేసొచ్చాడు, ఆ సైన్యం పద్ధతిలోనే వంటగదిని సెక్షన్లుగా విడగొట్టాడు. మనం ఇవాళ సూ చెఫ్ (చెఫ్ తర్వాతి మనిషి), చెఫ్ డి పార్టీ (ఒక సెక్షన్ పెద్ద), కమీ (కింది మెట్టు కుక్) అని పిలుచుకునే మెట్లన్నీ ఆయన పుణ్యమే. 1903లో ఆయన వేసిన వంటల పుస్తకం ఇప్పటికీ చెఫ్‌ల అల్మారాల్లో ఉంటుంది. అంతటివాణ్ణి లండన్ సవాయ్ హోటల్ వాళ్ళు 1898లో ఉద్యోగంలోంచి తీసేశారు. సరుకు సప్లై చేసేవాళ్ళ దగ్గర కమిషన్ తీసుకున్నానని తర్వాత ఆయనే సంతకం పెట్టి ఒప్పుకున్నాడు. మన క్లాసుల్లో ఆయన ఫొటో పెడతారు గానీ ఈ సంగతి చెప్పరు. చెప్పాలి. రేపు మీకు కూడా దీపావళికి ఒక స్వీట్ బాక్స్ వస్తుంది, బాక్స్ బరువుగా ఉంటుంది. ఎందుకు బరువుగా ఉందో మీకు తెలుస్తుంది. ఆ రోజు తీసుకున్నారంటే, మర్నాడు త్రాసు మీద క్రేట్ పెట్టించే నోరు మీకు ఉండదు.

ఆయన మంచి కూడా ఒకటి చెప్పాలి. ఆ కాలంలో వంటగదుల్లో వేడికి తట్టుకోలేక కుక్‌లు తాగేవాళ్ళు. ఆయన మద్యం మాన్పించి, ఒక డాక్టర్ చేత బార్లీతో పానీయం తయారు చేయించి వంటగదిలో పెట్టించాడు. మన అమ్మలు ఎండాకాలం కాచే బార్లీ నీళ్ళ లాంటిదే అనుకోండి. మా కిచెన్‌లో ఏప్రిల్ నుంచి జూన్ దాకా పలచటి మజ్జిగ కుండ ఉంటుంది. తందూర్ దగ్గర నిలబడేవాడికి గంటకో గ్లాసు. దానికీ నేనే ఇండెంట్ రాయాలి. ఎగ్జిక్యూటివ్ చెఫ్ పనుల్లో అదొకటి, మీ సిలబస్‌లో ఉండదు.

ఇక డబ్బు లెక్క. ఇక్కడ కొంచెం శ్రద్ధగా వినండి, ఇది నేను చేసిన తప్పు.

మెనూలో అపోలో ఫిష్ పెట్టాం. కొరమీను. అప్పుడు మాకు కిలో 400 రూపాయలకి పడేది. ప్లేటుకి 200 గ్రాముల ముక్కలు, అంటే చేప ఖర్చు 80. నూనె, పెరుగు, గుడ్డు, కరివేపాకు అన్నీ కలిపి ఇంకో 30. మొత్తం 110. ఫుడ్ కాస్ట్, అంటే అమ్మే ధరలో సరుకు ఖర్చు, 30 శాతం దగ్గర ఉండాలి కాబట్టి 110ని 0.30తో భాగిస్తే 367. ధర 370 పెట్టాం. ఎగబడి తిన్నారు. నేను కాలర్ ఎగరేసుకుని తిరిగాను. నెలాఖరుకి అకౌంట్స్ వాళ్ళు ఫుడ్ కాస్ట్ పెరిగిందని కాగితం పంపారు.

ఎక్కడ తప్పిందో ఎవరైనా చెప్తారా? ...ఆ, అదే. ముల్లు. కిలో చేప కొంటే తల, తోక, పొలుసు, ముల్లు, పొట్టలోది పోగా నాకు చేతికొచ్చిన బోన్‌లెస్ 450 గ్రాములు. అంటే నేను కొన్నది కిలో 400 చేప కాదు, కిలో దాదాపు 890 చేప. రెండు వందల గ్రాములకి 178. పైన 30 కలిపితే 208. 370కి అమ్మే ప్లేటులో 208 సరుకుకే పోతోంది, 56 శాతం! మిగిలిన 162లో జీతాలు, గ్యాస్, అద్దె, కరెంటు. ఎంత ఎక్కువ అమ్మితే అంత మునుగుతున్నాం.

ధర పెంచితే పక్క హోటల్‌కి పోతారు. ముక్కలు తగ్గిస్తే ప్లేటు బోసిపోతుంది. చివరికి చేసిందేమిటంటే, పోర్షన్ 180కి తెచ్చి, ధర కొంచెం పెంచి, పారేస్తున్న తలకాయలతో మధ్యాహ్నం పూట పులుసు పెట్టాం. గోదావరి వాళ్ళకి తలకాయ విలువ తెలుసు కదా. చింతపండు పులుసులో పచ్చిమిర్చి చీల్చి వేసి, మట్టి చట్టిలో ఇస్తే, అపోలో ఫిష్ కంటే దానికే మనుషులు రావడం మొదలుపెట్టారు. ముళ్ళతో స్టాక్ కాచాం. ఫుడ్ కాస్ట్ మెల్లగా దారికొచ్చింది. అప్పటి నుంచి యీల్డ్ టెస్ట్ (కొన్నదాంట్లో వాడకానికి ఎంత మిగులుతుందో తూచి చూడటం) చేయకుండా ఏ ఐటమ్‌కీ ధర రాయను. ఉల్లిపాయ కూడా తూస్తాను. బిర్యానీ మీదకి వేయించిన ఉల్లి కావాలంటే కిలో ఉల్లిపాయలు వేయిస్తే పావు కిలో పైచిలుకు మిగులుతుంది, అంతే. ఉల్లి రేటు పెరిగిన నెలలో బిర్యానీ మాస్టర్ల మొహాలు ఎందుకు వాడిపోతాయో ఇప్పుడు తెలిసిందా?

పరిశుభ్రత గురించి ఉపన్యాసం ఇవ్వను. ఒక్క డేగ్ గురించి, అంటే పెద్ద వంట గుండిగ గురించి, చెప్తాను. అప్పుడు నేను సూ చెఫ్‌ని, వేరే ఊళ్ళో, వేరే హోటల్లో. మర్నాడు బ్యాంక్వెట్, నాలుగు వందల మంది. రాత్రి పదకొండున్నరకి ఉల్లి-టమాటా గ్రేవీ ఎనభై లీటర్లు దించాం. అందరికీ నిద్ర. డేగ్‌ని అలాగే మూతపెట్టి వాక్-ఇన్ కూలర్‌లోకి, అంటే గదంత ఫ్రిజ్‌లోకి, తోసేశాం. పొద్దున మూత తీస్తే పైన చిన్నచిన్న బుడగలు, పులిసిన వాసన. ఎనభై లీటర్లు డ్రెయిన్ పాలు.

మా చెఫ్ వచ్చి అరవలేదు. జేబులోంచి థర్మామీటర్ తీసి నా చేతికిచ్చి, "మధ్యలో పెట్టి చూడు" అన్నారు. ఏడు గంటలు కూలర్‌లో ఉన్న గ్రేవీ, అంచు దగ్గర చల్లగా, నడిమధ్యలో 43 డిగ్రీలు. లోతైన గిన్నెలో చిక్కటి పదార్థం బయటి నుంచి చల్లబడుతుంది గానీ నడిమి వేడి ఎటూ పోలేదు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మక్రిములకి పండగ. వండినదాన్ని రెండు గంటల్లో 60 నుంచి 21కి, తర్వాత నాలుగు గంటల్లో 5కి దించాలని చదువుకునే ఉంటారు. ఆ అంకెలు నాకు బుర్రకెక్కింది ఆ పొద్దున్నే. పల్చటి ట్రేల్లో రెండంగుళాల మందాన పోసి ఉంటే అయిపోయేది. ట్రేలు కడగాలి కదా అని బద్ధకించాం.

దాని తర్వాత ఆయన ఇంకో పని చేశారు. మమ్మల్ని తిట్టే బదులు, రాత్రి షిఫ్ట్‌లో ఒక మనిషిని పెంచమని మేనేజ్‌మెంట్‌తో గొడవ పెట్టుకున్నారు. పద్నాలుగు గంటలు నిలబడ్డవాడు ట్రేలు కడగడు, ఎంత చెప్పినా కడగడు, అది ఆయనకి తెలుసు. గోడ మీద పోస్టర్ అంటించి చేతులు దులుపుకునే చెఫ్‌లని చాలామందిని చూశాను.

2024లో హైదరాబాద్‌లో ఫుడ్ సేఫ్టీ అధికారులు వరసగా రెస్టారెంట్ల మీద దాడులు చేశారు, పేపర్లలో చూసుంటారు. డేట్ అయిపోయిన ప్యాకెట్లు, లేబుల్ లేని డబ్బాలు, మూతల్లేని చెత్తబుట్టలు. ఆ ఏడాది అక్టోబర్ చివర్లో తెలంగాణలో పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ని ఏడాది పాటు నిషేధించారు. మర్నాటికల్లా మండీ, షవర్మా పెట్టే ప్రతి చోటా గుడ్డు లేని మయో ఎవరో ఒకరు తయారు చేసి, రుచి కుదిర్చి, సప్లయర్‌ని మాట్లాడి, ప్లేటు ఖర్చు మళ్ళీ లెక్కేసి, కుర్రాళ్ళకి నేర్పించాల్సి వచ్చింది. ఆ "ఎవరో ఒకరు" మీరే అవుతారు. వాడిన నూనెలో టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె మళ్ళీమళ్ళీ కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటకూడదు, ప్రతి పాతికమందికి ఒక శిక్షణ పొందిన సూపర్‌వైజర్ ఉండాలి, ఇలాంటివన్నీ మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్తుంది. అధికారి వచ్చినప్పుడు ఓనర్ వేలు మీవైపే చూపిస్తాడు. రాసి పెట్టుకోండి.

సర్వీస్ టైమ్ గురించి టీవీలో చూపిస్తూనే ఉంటారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి చెఫ్ పాస్ దగ్గర, అంటే ప్లేట్లు వంటగది దాటి బయటికి వెళ్ళే బల్ల దగ్గర, ఉండాలి. కేఓటీలు, అంటే ఆర్డర్ చీటీలు, వరసగా వస్తుంటాయి, చదివి సెక్షన్లకి వినిపించాలి. తందూర్ నుంచి నాన్, ఇండియన్ నుంచి కూర, చైనీస్ నుంచి నూడుల్స్, మూడూ ఒక టేబుల్‌కి ఒకేసారి లేవాలి. నాన్ ముందొచ్చి రెండు నిమిషాలు ఆగిందంటే తోలు. టీవీలో చెఫ్ ప్లేటు విసిరికొడతాడు. విసిరితే ఆ టేబుల్‌కి ఇంకో పన్నెండు నిమిషాలు ఆలస్యం, ఆ గాజుముక్కలు ఏరడానికి ఇంకో మనిషి. నాకు ఆ వేషాలు నచ్చవు. నేనూ కుర్రతనంలో అరిచాను, కాదనను. ఒకసారి అరిచాక ఒక కమీ కుర్రాడు చెయ్యి కాలినా నాకు చెప్పకుండా గ్లవ్ తొడుక్కుని పని చేశాడు. నేనంటే భయం. మూడోరోజు పుండు చూశాను. అరవడం ఎందుకు మానేశానంటే అదీ కారణం.

మా దగ్గర ఇప్పుడు ఒడిశా కుర్రాళ్ళు, బెంగాల్, నేపాల్ వాళ్ళు, మన శ్రీకాకుళం వాళ్ళు కలిసి పనిచేస్తారు. కిచెన్ భాష సగం హిందీ, సగం తెలుగు, మధ్యలో ఫ్రెంచ్ ముక్కలు. "జూలియన్ పతలా కోయ్ రా" అంటే, పొడుగ్గా సన్నగా కోయమని అందరికీ అర్థమవుతుంది. అమ్మాయిలు ఇంకా తక్కువే. కారణం వంట రాక కాదు. రాత్రి పన్నెండున్నరకి ఇంటికి పంపే బండి చాలా చోట్ల లేదు. ఆ బండి అడిగి వేయించడం కూడా చెఫ్ పనే అని నేనంటాను. హెచ్‌ఆర్ వాళ్ళ పని కదా అంటారు. నా సెక్షన్‌లో మనిషి తగ్గితే వంట ఆగేది హెచ్‌ఆర్ వాళ్ళ దగ్గర కాదుగా.

టైమ్ అయిందని మేడమ్ చూపిస్తున్నారు. ఆ అమ్మాయి ఎక్కడుంది? ...ఆ, అక్కడ. నీ ప్రశ్నకి జవాబమ్మా. పోయిన నెల స్టాఫ్ ఫుడ్ వండే మాస్టర్ వాళ్ళ ఊళ్ళో జాతర అని సెలవు పెట్టాడు. ఆ మధ్యాహ్నం అరవై మందికి నేనే వండాను. అన్నం, వంకాయ కూర, టమాటా చారు. చాలా రోజుల తర్వాత గరిటె పట్టానని మహా ఉత్సాహంగా చేశాను. అందరూ "సూపర్ చెఫ్, సూపర్ చెఫ్" అంటూ తింటున్నారు. గిన్నెలు తోమే సెక్షన్‌లో ఒక పెద్దాయన ఉంటాడు. చారు రెండోసారి పోయించుకుంటూ, నా వైపు చూడకుండానే, "ఉప్పు చాల్లేదు సార్" అన్నాడు.

రుచి చూశాను. నిజమే, చాల్లేదు.